నా నోటికి రాయించిన మాటలు

మా యజమాని వాయిల్ బేగ్ సొంతంగా ఒక్క ఉత్తరం రాయడం మేమెవరమూ చూడలేదు. వాళ్ల నాన్న హాజీ నాయిఫ్ బతికున్నంత కాలం మా రాళ్ల కార్ఖానాలో ఉత్తరాల అవసరమే రాలేదు. ఏం చెప్పాలన్నా రంపాల మధ్యకు వచ్చి, రంపాల కంటే గట్టిగా అరిచేవాడు. తిట్టేవాడు. సాయంత్రం అతనే వచ్చి భుజం మీద చెయ్యి వేసేవాడు. తిట్టూ అతనిదే, చెయ్యీ అతనిదే.

కొడుకు వచ్చాక గోడకు అద్దాల పెట్టె బిగించారు. ప్రతి గురువారం అందులో ఒక ఉత్తరం. ‘నా ప్రియమైన సహచరులారా’ అని మొదలు, కింద వాయిల్ బేగ్ సంతకం. రంజాన్‌కి ఒకటి, చలికాలానికి ఒకటి, ఆర్డర్లు తగ్గితే ఒకటి. నేను మూడో తరగతి దాకా చదివినవాణ్ణి. కూడబలుక్కుని చదివేసరికి చేతిలో టీ చల్లారేది. అయినా చదివేవాణ్ణి. బాగుండేవి. ఒకసారి మా ఒంటి మీది దుమ్ము గురించి రాశారు, ఈ దేశంలో ప్రతి ఇంటి పునాదిలో ఆ దుమ్ము ఉందని. ఆ రోజే బేగ్ కారు దిగి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఆఫీసులోకి పరుగెత్తాడు.

“అవి ఆయన రాసేవి కావు హాజీ,” అన్నాడు రాకాన్ ఒకనాడు నాతో. “అమ్మాన్‌లో సుహా అని ఒకావిడ ఉందట. ఇద్దరు బ్యాంకు పెద్దలకి, ఒక సిమెంటు కంపెనీ ఆయనకి, మన బేగ్‌కి, అందరికీ ఆవిడే రాసిపెడుతుందట.”

“పేరు?”

“పేరు వాళ్లది. రాత ఆవిడది. ఇంతకీ నాకు అర్థంకానిదేంటంటే, ఆ సిమెంటాయనకీ మన బేగ్‌కీ గొడవొస్తే ఆవిడ తన ఉత్తరానికి తనే జవాబు రాసుకుంటుందా?”

అందరూ పడీపడీ నవ్వారు. రాకాన్ అలాంటివాడు. ఇరవై ఆరేళ్లు. వాళ్ల నాన్న దైఫల్లా, నేను, ఒకే రంపం మీద ఇరవై ఏళ్లు పనిచేశాం. దైఫల్లా నడుం పోయాక అతని చోటికి కొడుకొచ్చాడు. వాడికి పని నేర్పింది నేనే. కోసిన పలక మీద నీళ్లు చిలకరించి, రంగు పైకి తేలగానే, “చూడు హాజీ, రాయి మొహం కడుక్కుంది” అనేవాడు. ప్రతి పలకకీ అనేవాడు. విసుగొచ్చేది నాకు.

ఇప్పుడు ఇనప తొడుగు సంగతి చెప్పాలి.

పెద్ద రంపానికి పైన ఒక ఇనప తొడుగు ఉంటుంది. రాయి చిట్లితే ముక్క ఎగిరి మనిషికి తగలకుండా ఆపేది అదే. ఏదో హోటలుకు ఆర్డరు వచ్చింది. దిమ్మెలు మామూలు కంటే ఎత్తు. తొడుగు కిందికి పట్టవు. వాయిల్ బేగ్ వచ్చి చూసి, “తీసెయ్యండి. నాలుగు రోజుల పనే కదా” అన్నాడు. పానా పట్టుకుని ఆరు బోల్టులు విప్పింది నేను. మరునాడు పొద్దున రాకాన్ రంపం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

“తొడుగేది హాజీ?”

“తీశాం.”

“ముక్క ఎగిరితే?”

“నువ్వు కొయ్యి. ఏం కాదు,” అన్నాను.

వాడు రంపం నడపడం మొదలుపెట్టాడు. మూడో రోజు మధ్యాహ్నం దిమ్మె అంచు చిట్లింది. ముక్క అరచేతి అంత ఉంటుంది. మెడ మీద తగిలింది. జర్కా ఆసుపత్రి దాకా బండిలో వాడి తల నా ఒళ్లో ఉంది. లోపలికి తీసుకెళ్లాక డాక్టరు బయటికి రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

నేను తిరిగి కార్ఖానాకు వచ్చేసరికి తొడుగు మళ్లీ బిగించి ఉంది. కొత్త పచ్చరంగు కూడా వేశారు. మరునాడు ప్రభుత్వం తరఫున ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, తల ఊపి వెళ్లాడు. నన్నెవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

ఆ గురువారం అద్దాల పెట్టెలో ఉత్తరం వచ్చింది. ‘మన కుటుంబంలో ఒక బిడ్డను కోల్పోయాం’ అని మొదలు. మధ్యలో ఒక వాక్యం. కార్మికుడు భద్రతా నియమాలకు విరుద్ధంగా నిలబడకూడని చోట నిలబడినట్టు ప్రాథమికంగా తెలుస్తోందట. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. అదే ఉత్తరం ఫోన్లలో తిరిగి, సాయంత్రానికల్లా మఫ్రక్ పక్కన దైఫల్లా ఊరికి చేరింది. ఊళ్లో మాట మొదలైంది. పిల్లాడికి తొందరెక్కువ, ఒళ్లు దగ్గర పెట్టుకోలేదు, తన చావు తనే తెచ్చుకున్నాడు. రాకాన్ వాళ్లమ్మ వచ్చిన ప్రతి ఆడమనిషినీ పట్టుకుని అడుగుతోందట, “నా కొడుకు తనంతట తనే చేసుకున్నాడా? మీకేమైనా తెలుసా?” అని. దైఫల్లా మాత్రం ఎవర్నీ ఏమీ అడగలేదు. అతని అన్నదమ్ముల పిల్లలు మా రోడ్డుకు అడ్డం రాళ్లు పేర్చి లారీలు ఆపేశారు.

పోలీసులొచ్చి రాళ్లు తీసేవాళ్లు. వాళ్లు వెళ్లగానే మళ్లీ రాళ్లు. జాహా వెళ్లక తప్పదని బేగ్‌కి అందరూ చెప్పారు. మాలో మనిషి ప్రాణం పోతే, కారణమైన వాళ్లు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాలి. జాహా అంటే అదే. ముందు తప్పు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే క్షమించమని అడగాలి. ఇంటివాళ్లు కాఫీ పోసి ముందు పెడతారు. మాట నెగ్గేదాకా ఆ కప్పు ముట్టరు. ఇంటి యజమాని ‘తాగండి’ అన్నాడంటే ఒప్పుకున్నట్టు. ఇక రోడ్డు మీద రాళ్లుండవు, కోర్టులో కేసు ఉండదు.

బేగ్ పెద్ద పెద్ద వాళ్లను పోగుచేశాడు. దైఫల్లా నుంచి ఒకటే కబురు వచ్చింది. “అబూ సాయిల్ ముందు నడిచి, అబూ సాయిల్ మాట్లాడితే తలుపు తీస్తాను. వేరేవాళ్లయితే రావద్దు.”

అబూ సాయిల్ అంటే నేను.

ఆదివారం నన్ను ఆఫీసుకు పిలిచారు. నలభై ఏళ్ల పనిలో ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. బేగ్ పక్కన ఒకావిడ, ఒళ్లో కంప్యూటరు. నలభై దాటి ఉంటాయి. కళ్ల కింద నలుపు.

“ఈవిడ సుహా గారు,” అన్నాడు బేగ్. “శుక్రవారం నువ్వు చెప్పాల్సింది ఈవిడ రాసిస్తారు. నువ్వు బట్టీపడితే చాలు.”

“జాహాలో కాగితం చదవరు.”

“అందుకే బట్టీ పట్టమంటున్నా.”

ఆవిడ నవ్వింది. “నా మాటలు మీకు అంటించను హాజీ. మీ మాటలే మీకిస్తాను, కాస్త సర్ది. అందుకే మీరు ముందు మాట్లాడాలి. ఎలా మాట్లాడతారో వినాలి నేను.”

నేను కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాను.

“ఏదైనా చెప్పండి.”

“ఏం చెప్పను?”

“బాబోయ్. బ్యాంకు వాళ్లయితే ఆపమన్నా ఆపరు, మీతో గంటకో మాట,” అంది. “సరే, రాకాన్ గురించి చెప్పండి. మంచివాడు, కష్టజీవి, అలాంటివొద్దు. అవి అందరి గురించీ అంటారు. వాడొక్కడే చేసేది ఏదైనా ఉందా?”

చెప్పకూడదనుకున్నాను. రాయి మొహం కడుక్కోవడం గురించి చెప్పాను. ఆవిడ టకటకా కొట్టుకుంటూ పోయింది. ఒక్కసారి తలెత్తి, “ఇది చాలు. ఇది చాలా ఎక్కువ,” అంది.

మంగళవారం కాగితం వచ్చింది. నేను చదివేందుకు వీలుగా అక్షరాలు పెద్దవిగా కొట్టించింది. చదువుతుంటే ఒళ్లు మండింది. బాగాలేక కాదు, బాగుండబట్టే. నేనే మాట్లాడుతున్నట్టుంది. పొట్టి పొట్టి మాటలు. నేను ఎక్కడ ఆగుతానో అక్కడే ఆగింది. ‘దైఫల్లా, నువ్వూ నేనూ ఒకే రంపం దుమ్ము మింగాం’ అని మొదలు. మధ్యలో రాయి మొహం కడుక్కోవడం. చివర్లో ‘ఇది దేవుడు రాసిన రాత. ఇందులో ఏ మనిషి చెయ్యీ లేదు. మాకు నీ మన్నింపు కావాలి.’

కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. ఇద్దరూ ఉన్నారు.

“ఇందులో తొడుగు లేదు,” అన్నాను.

“ఏం తొడుగు?” అంది సుహా.

బేగ్ ఫోన్లోంచి తలెత్తలేదు. “ఏం లేదు, రంపం సామాను. నీకక్కర్లేదు.”

“రంపం మీది ఇనప తొడుగు,” అన్నాను ఆవిడతో. “తీయించాడు. వాడు పోయాక మళ్లీ పెట్టించాడు.”

ఆవిడ బేగ్ వైపు తిరిగింది. “నిలబడకూడని చోట నిలబడ్డాడని మీరు చెబితే రాశాను. ఇది నాకు చెప్పలేదే?”

“నిన్ను పెట్టుకుంది దర్యాప్తుకి కాదు సుహా. రాయడానికి.” అప్పుడు నా వైపు చూశాడు. “తీయించింది నేనైతే, తీసిందెవరు హాజీ? పానా ఎవరి చేతిలో ఉంది? రేపు కోర్టులో నన్నొక్కణ్ణే అడుగుతారనుకుంటున్నావా? మా నాన్న నీకు అన్నం పెట్టాడు. శుక్రవారం కాగితంలో ఉన్నది చెప్పు, ఇంటికి పోయి పడుకో. అంతే.”

బయటికి వచ్చాను. మెట్ల మీద ఆవిడ వెనకాలే దిగింది. ఎవరైనా ఓదారుస్తారనుకుంటాం అలాంటప్పుడు. ఆవిడ నా మీద విరుచుకుపడింది.

“ఆదివారం గంటసేపు కూర్చున్నారు నా ముందు. రాయి, నీళ్లు, మొహం అని చెప్పి నన్ను ఏడిపించినంత పని చేశారు. ఈ ముక్క అప్పుడెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలేదు.”

“నేనడగలేదా! వాళ్ల నాన్న అడగలేదా? ఇన్‌స్పెక్టరు అడగలేదు, ఊరు అడగలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి మీరు మంచివారు. వినండి హాజీ. డబ్బు తీసుకుని ఇంకొకళ్ల నోట్లో మాట పెట్టడం నా పని. దాని గురించి నేనేం గొప్పలు పోను. కానీ నా ఉత్తరంలో అబద్ధం ఉందంటే నాకు తెలియక. మీకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ పెట్టె ముందు నిలబడి నా వాక్యం చదివారు కదా మీరు? చదివి ఏం చేశారు?”

టీ తాగాను. అదే చేశాను.

“ఆ ముసలాయన మిమ్మల్నే ఎందుకు అడిగాడో తెలుసా? మీరు అబద్ధం చెప్పరని. నోరు విప్పని మనిషి అబద్ధమాడడని జనం అనుకుంటారు. బేగ్ కూడా దాన్నే వాడుకుంటున్నాడు,” అని, కారు తలుపు దబ్బున వేసుకుని వెళ్లిపోయింది.

మూడు రోజులు కాగితం బట్టీపట్టాను. భయం అనొచ్చు. నా చేతిలో పానా ఉన్న మాట నిజం కదా. మా ఇంటావిడ, “ఎవరితో మాట్లాడుతున్నావు?” అని అడిగింది. “ఎవరితో కాదు,” అన్నాను.

శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత వెళ్లాం. పదకొండు కార్లు. నేను ముందు. నా వెనక మాజీ ఎంపీ ఒకాయన, ఇద్దరు షేకులు, వాయిల్ బేగ్. బేగ్ ఆ రోజు మా ఆచారం మీద గౌరవంతో తలకు ఎర్ర గళ్ల రుమాలు చుట్టుకున్నాడు. కొత్తది, మడతలు కూడా పోలేదు. దైఫల్లా ఇంటి ముందు షామియానా వేశారు. వాళ్లవైపు అరవై మంది దాకా లేచి నిలబడ్డారు. ఎవరూ చెయ్యి కలపలేదు. ఇంటి కిటికీ తెరిచి ఉంది, పరదా వేసి ఉంది. ఆడవాళ్లు లోపల ఉన్నారు.

కూర్చున్నాం. దైఫల్లా మేనల్లుడు దల్లా అనే కాఫీ కూజాతో వచ్చి నా ముందు, ఆ తర్వాత మిగతావాళ్ల ముందు కాఫీ పోశాడు. కప్పు తీసి నేల మీద పెట్టాను. అందరూ నా వైపు చూశారు.

దైఫల్లా చిక్కిపోయాడు. నడుం పట్టీ ఉన్నా నిటారుగా కూర్చోలేక ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. అతన్ని చూస్తూ మొదలుపెట్టాను.

“దైఫల్లా, నువ్వూ నేనూ ఒకే రంపం దుమ్ము మింగాం.”

నాలుగు వాక్యాలు అయ్యాయి. ఎవరో గొంతు సవరించుకున్నారు. రాయి దగ్గరికి వచ్చాను. “పలక మీద నీళ్లు చల్లి, రాయి మొహం కడుక్కుంది హాజీ అనేవాడు. నాకు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ రంపం దగ్గర ఎవరూ ఆ మాట అనరు.” ఎక్కడ ఆగాలో కాగితంలో ఉంది. అక్కడే ఆగాను.

దైఫల్లా మొహం వణికింది. చేత్తో కళ్లు మూసుకున్నాడు. పరదా వెనక నుంచి ఒక ఏడుపు, వెంటనే ఎవరో ఆపినట్టు ఆగిపోయింది. నేను చివరి వాక్యాలకు రానే లేదు. అతను చెయ్యి ఎత్తాడు.

“చాలు అబూ సాయిల్. ఇంక చెప్పకు. నా కొడుకుని ఇంత ఎరిగినవాడివి వచ్చి అడిగితే నేను కాదంటానా? మీరు దేనికోసం వచ్చారో అది ఇచ్చేశాను. కాఫీ తాగు.”

నా వెనక వచ్చినవాళ్లంతా ఒక్కసారిగా ఊపిరి వదిలారు. బేగ్ అయితే “అల్లా నిన్ను చల్లగా చూడాలి” అని గట్టిగా అనేశాడు. ఎంపీ గారి చెయ్యి అప్పుడే తన కప్పు మీదికి వెళ్లింది. నేను ముందు తాగాలి, ఆ తర్వాత వాళ్లు.

కప్పు తీశాను. పెదవి దాకా తెచ్చాను.

రాకాన్ మాట అమ్మి గెలిచాను. ఆ మాట వాడు నాతో అన్నాడు, ఇంకెవరికీ తెలియదు. దాన్ని ఆవిడకి ఇచ్చాను, ఆవిడ బేగ్‌కి ఇచ్చింది, బేగ్ దానితో ఈ ముసలివాడి నోరు మూయించాడు. తప్పు ఒప్పుకోకుండానే మన్నింపు పట్టుకుపోతున్నాం. తొడుగేది అని అడిగిన పిల్లాడు నిలబడకూడని చోట నిలబడ్డవాడుగానే మట్టిలో ఉండిపోతాడు. కోపం ఎవరి మీదో చెప్పలేను. బేగ్ మీద ఉంది. ఆ చక్కటి కాగితం మీద ఉంది. అన్నిటికంటే నా మీద ఉంది.

కప్పు దించి నేల మీద పెట్టేశాను.

జాహాలో అలా జరగడం ఎవరూ చూసి ఉండరు. తాగమన్నాక తాగకపోవడం అంటే ఆ ఇంటివాడి మొహాన కొట్టినట్టు. అరవై మందీ కదిలారు.

“ఏంటిది అబూ సాయిల్?” అన్నాడు దైఫల్లా. “నేనిచ్చింది నీకు తక్కువైందా?”

“నేనింకా అడగలేదు దైఫల్లా. నువ్వు ముందే ఇచ్చేశావు. విన్నాక ఇస్తావో లేదో చూడు.”

బేగ్ వెనక నుంచి నా పైఅంగీ పట్టి లాగాడు. “తాగు హాజీ. తాగు ముందు,” అన్నాడు పళ్ల బిగువున.

“రంపానికి ఇనప తొడుగు ఉంటుంది, నీకు తెలుసు,” అన్నాను దైఫల్లాతో. “అది లేదు. మూడు రోజుల ముందు తీసేశాం. వాయిల్ బేగ్ తీయమన్నాడు. నేను తీశాను. ఈ చేత్తో.”

“ఇది కాగితంలో లేదు!” అని అరిచాడు బేగ్.

దైఫల్లా అన్న, ముసలాయన, మెల్లగా అడిగాడు. “ఏ కాగితం నాయనా?”

బేగ్ రుమాలు సర్దుకున్నాడు. ఎంపీ గారు తలదించుకుని తన కప్పు కొంచెం దూరంగా జరిపారు.

“రాయించాడు,” అన్నాను. “ఇప్పటిదాకా నేను చెప్పింది ఎవరో రాసింది. అద్దాల పెట్టెలో ఉత్తరం కూడా అంతే. రాయి మాట ఒక్కటే నాది, అంటే మీ వాడిది. ఇప్పుడు చెప్పేది ఎవరూ రాయలేదు. ఆ పొద్దున రాకాన్ అడిగాడు. తొడుగేది హాజీ అన్నాడు. ముక్క ఎగిరితే అన్నాడు. కొయ్యి, ఏం కాదు అన్నాను. వాడు నిలబడాల్సిన చోటే నిలబడ్డాడు దైఫల్లా. వాడికి జాగ్రత్త ఉంది. లేనిది మాకు.”

కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు లేచి బేగ్ మీదికి వచ్చారు. షేకులు అడ్డం నిలబడ్డారు. కాఫీ దల్లా ఎక్కడో పడి దొర్లిన చప్పుడు. బేగ్ మడతల రుమాలు ఊడి భుజం మీద వేలాడుతోంది. “ఈ ముసలాడికి మతి పోయింది, వీడిదే తప్పు, వీడే తీశాడు” అని అరుస్తూనే కారు వైపు నడిచాడు. తీసింది నేనే అని మళ్లీ అన్నాను. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

దైఫల్లా లేవలేదు. చెయ్యి ఒక్కసారి ఊపాడు. వాళ్ల కుర్రాళ్లు ఆగిపోయారు.

“పోనివ్వండి,” అన్నాడు. “కోర్టుకి రమ్మనండి. మన్నింపు వెనక్కి తీసుకున్నాను. మీరందరూ సాక్షులు.”

మా కార్లు ఒక్కొక్కటీ కదిలి వెళ్లిపోయాయి. నన్ను ఎక్కమని ఎవరూ పిలవలేదు. షామియానా కింద వాళ్ల మనుషులు అరవై మంది, నేను. దైఫల్లా నా వైపు చూశాడు. ఇరవై ఏళ్లు ఎదురెదురుగా రాయి కోశాం, అలా ఎప్పుడూ చూడలేదు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

“నీకు కూడా మన్నింపు లేదు,” అన్నాడు.

“ఊ.”

“కోర్టులో చెబుతావా?”

“చెబుతాను.”

“ఇప్పుడు మళ్లీ చెప్పు. వాడు అడిగాడన్నావే, అది. అటు తిరిగి చెప్పు.” గడ్డంతో కిటికీ వైపు చూపించాడు. “వాళ్లమ్మకి సరిగా వినపడి ఉండదు.”

లేచి కిటికీ దగ్గరికి నడిచాను. జీవితంలో నేను గొంతెత్తింది లేదు, రంపాల మధ్య కూడా. ఆ రోజు ఊరంతా వినేలా అరిచాను.

“అమ్మా, నీ కొడుకు అడిగాడు. తొడుగు లేదని చూసి అడిగాడు. మేమే వినలేదు.”

లోపల నుంచి, “ఇంకోసారి,” అంది ఆవిడ.

ఇంకోసారి చెప్పాను.